గోన గన్నారెడ్డిని ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతిలో పెట్టడం ఎలా?

పేపర్‌వాసన
బుక్ ఎగ్జిబిషన్‌లో అడివి బాపిరాజు గారి నవల గోన గన్నారెడ్డి కాపీలు కొన్ని ఎక్స్‌ట్రా కొన్నాను. చుట్టాలకీ ఫ్రెండ్స్‌కీ కాదు, వాళ్ళకి ఇచ్చి ఇచ్చి విసుగొచ్చింది, షోకేసులో పెట్టుకుని "టైమ్ దొరకట్లేదు" అంటారు. ఈసారి అస్సలు తెలియనివాళ్ళకే ఇవ్వాలని. మా అపార్ట్‌మెంట్ కింద "తీసుకెళ్ళండి, చదవండి" అని ఒక షెల్ఫ్ ఉంది, అందులో ఒకటి పెట్టాను. సాయంత్రానికి మాయం. ఎవరో అదృష్టవంతులు అనుకుని తెగ మురిసిపోయా. తర్వాత తెలిసింది ఏంటంటే, పాతపేపర్లతను వస్తే దుమ్ము పడుతోందని షెల్ఫ్ మొత్తం తూకానికి వేసేశారట. పెళ్ళిపీటల మీంచి పెళ్ళికొడుకునే ఎత్తుకుపోయిన గజదొంగ హీరోని కిలోల లెక్కన అమ్మేశారు! ఒళ్ళు మండిపోయింది. మిగతా కాపీలైనా చదివే చేతుల్లోకే వెళ్ళాలంటే ఏం చెయ్యాలి? మీలో ఎవరైనా ఇలాంటి పని చేశారా?

స్లీపర్‌క్లాస్
రైల్లో వదిలెయ్యండి. సైడ్ లోయర్ సీటు మీద పెట్టేసి దిగిపోవడమే. రాత్రి బండిలో ఫోన్ ఛార్జింగ్ అయిపోయినవాడికి అది దేవుడిచ్చిన వరం.

కోటగోడ
స్లీపర్‌క్లాస్ గారూ, స్టేషన్‌లో మైకులో చెప్పేది ఎప్పుడూ వినలేదా? దిక్కులేని వస్తువు కనిపిస్తే ముట్టుకోకండి, పోలీసులకి చెప్పండి అని రోజంతా మోగుతూనే ఉంటుంది. మీరు కవర్లో చుట్టి పెట్టారనుకోండి, గన్నారెడ్డి నేరుగా ఆర్‌పీఎఫ్ వాళ్ళ దగ్గరికే వెళ్తాడు.

చెదపురుగు
గజదొంగే కదా, చివరికి పోలీసులకి దొరికాడు.

స్లీపర్‌క్లాస్
కవర్లో ఎందుకు చుడతామండీ, అట్ట పైకి కనపడేలా పెడతాం. అయినా పక్కవాళ్ళకి చెప్పే దిగుతా నేను, "నాది అయిపోయింది, మీరు చదువుకోండి" అని. ఇంతవరకు ఒక్కరూ వద్దనలేదు.

ఓరుగల్లు_పోరడు
గింత కష్టం ఎందుకన్నా, పీడీఎఫ్ పంపితె అయిపాయె. వాట్సాప్‌ల వెయ్యి మందికి పోతది. పైసలు గూడ దండుగ గావు.

పేపర్‌వాసన
పీడీఎఫ్ అంటే దొంగతనం కదా తమ్ముడూ, అది మాత్రం చెయ్యను.

సెక్షన్_22
ఈ పుస్తకం విషయంలో కాదు. మన దేశంలో కాపీరైట్ రచయిత బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్ళు, ఆ లెక్క కూడా చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి మొదలవుతుంది. 1991 ఆఖరు దాకా 50 ఏళ్ళే, టాగూర్ రచనల గడువు అయిపోతుంటే పెంచారు. బాపిరాజు గారు పోయింది 1952లో. అంటే 2012 చివరితో అయిపోయింది, 2013 జనవరి 1 నుంచి ఆయన నవలలు అందరివీ. టైప్ చేసుకోండి, అచ్చు వేసుకోండి, వీధిలో నిలబడి పంచండి, ఎవరూ అడగరు. కానీ కొత్త ఎడిషన్‌లో ఇప్పటి వాళ్ళు రాసిన ముందుమాట, వేసిన ముఖచిత్రం వాళ్ళవే, కాబట్టి మొన్న కొన్న పుస్తకాన్ని అట్టతో సహా స్కాన్ చేసి పెట్టడం తప్పు. అలాగని అందరు పెద్దవాళ్ళ పుస్తకాలకీ ఇది వర్తించదు. విశ్వనాథ వారు పోయింది 1976లో, ఆయన నవలలు 2036 ఆఖరు దాకా ఆగాల్సిందే.

ఓరుగల్లు_పోరడు
చెప్పిన గద. వికీసోర్స్‌ల గూడ ఉన్నది, ఫ్రీగ.

లక్ష్మక్క
తప్పు కాదు సరే, చదువుతారా అన్నది ప్రశ్న. మా గ్రూపులో రోజూ పీడీఎఫ్‌లు పడతాయి, పంచాంగం, వంటలు, ఆరోగ్య చిట్కాలు, మధ్యలో ఒక నవల. అందరూ దండం బొమ్మ పెడతారు. తెరిచినవాళ్ళు ఎవరూ లేరు. పుస్తకం చేతికిస్తే కనీసం బరువన్నా తెలుస్తుంది.

గోదారిగట్టు
నాదొక అనుభవం చెప్తా, కాస్త పెద్దది, ఓపికుంటే చదవండి. మా నాన్నగారిని డయాలసిస్‌కి తీసుకెళ్ళే రోజుల్లో బయట బెంచీల మీద గంటలు గంటలు కూర్చునేవాళ్ళం, అందరివీ అవే మొహాలు, కొన్నాళ్ళకి పేర్లు తెలియకపోయినా పలకరింపులుండేవి. నేను చదవడం అయిపోయాక గన్నారెడ్డిని అక్కడ మందుల కౌంటర్ పక్కన గూట్లో పెట్టేశాను, పైన "ఇక్కడే చదివి ఇక్కడే పెట్టండి" అని స్కెచ్‌పెన్‌తో రాసి. అది ఎవరు తీస్తున్నారో ఎవరు పెడుతున్నారో నాకు తెలీదు కానీ ప్రతిసారీ గుర్తుగా పెట్టిన కాగితం ముందుకి జరిగేది, ఒకసారి మందుల చీటీ, ఒకసారి బస్సు టికెట్టు, ఒకసారి జడపిన్ను. తర్వాతెప్పుడో తిరగేస్తే ఎవరో పెన్సిల్‌తో మార్జిన్లలో రాశారు. మొదట్లో పెళ్ళికొడుకుని ఎత్తుకెళ్ళే చోట "వీడికేం పోయేకాలం, ఆ పిల్ల ఉసురు తగుల్తుంది" అని ఉంది. ఆ పెళ్ళికూతురు అన్నాంబిక ఓరుగల్లు చేరి రుద్రమదేవి పక్కన నిలబడే దగ్గర "మంచి పని చేసింది" అని. ఇంకా లోపలికెళ్తే ఆ మొదటి మాట కొట్టేసి, పక్కన "తొందరపడ్డాను" అని రాసి ఉంది. అంటే వెనక్కి వెళ్ళి మరీ కొట్టేశారన్నమాట! అక్షరాలు వంకర టింకరగా, బహుశా సెలైన్ సూది ఉన్న చేత్తోనో ఎడమ చేత్తోనో రాసినట్టు. ఇంకో చేతివ్రాత కింద "కథ చెప్పెయ్యకండి" అని తిట్టింది. ఇద్దరూ ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. మీరు అపార్ట్‌మెంట్ షెల్ఫులు వదిలేసి, జనం గంటల తరబడి ఎదురుచూసే చోట పెట్టండి.

పేపర్‌వాసన
గోదారిగట్టు గారూ, ఆ పుస్తకం ఇప్పుడు ఎక్కడుంది? మీ దగ్గరే ఉందా?

గోదారిగట్టు
అక్కడే వదిలేశానండి. ఉందో లేదో అడగలేదు, ఆ మెట్లు మళ్ళీ ఎక్కాలనిపించలేదు.

ఆదోని_అబ్బి
అందురూ గన్నారెడ్డిని మోస్తాండారు గానీ, చెడింది మా ఊరి పెండ్లి సామీ! నవల్లో ఆ పెండ్లి జరిగే ఆదవాని అంటే మా ఆదోనే. విందులు వంటలు అన్నీ అయినాక పీటల మీద పెండ్లికొడుకును లేపుకపోతే ఆ ఆడబిడ్డ నాయన ఎంత బాధపడుంటాడో ఎవురన్నా అడిగినారా? మా ఊర్లో ఈ పుస్తకం పంచాలంటే ముందు నష్టపరిహారం కట్టాల.

చెదపురుగు
ఏడువందల ఏళ్ళ వడ్డీతో కలిపి ఎంతవుతుందో సెక్షన్_22 గారు లెక్కవేస్తారు.

సెక్షన్_22
కాలదోషం పట్టింది. కొట్టేశాం.

శాసనాలపిచ్చోడు
పంచండి గానీ ఒక చీటీ పెట్టి పంచండి, ఇది నవల, చరిత్ర కాదు అని. రుద్రమదేవి 1262 నుంచి 1289 దాకా పాలించింది, శాసనాల్లో ఆవిడ్ని రుద్రదేవ మహారాజు అని మగపేరుతో రాశారు, ఆవిడ మరణాన్ని చెప్పేది నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం, 1289 నవంబరుది. ఇవి ఖాయం. గోన గన్నారెడ్డి కూడా ఉత్తుత్తి మనిషి కాదు, వర్ధమానపురం ఏలిన గోన వంశం వాడు, రంగనాథ రామాయణం గోన బుద్ధారెడ్డి పేరు మీద ఉంది కదా, ఆ ఇల్లే. రాయచూరు కోట గోడలో నలభై అడుగుల పైచిలుకు ఒకే రాయి ఉంటుంది, దాని మీద 1294 నాటి తెలుగు శాసనం, కోట కట్టించిన విఠలుడు గోన గన్నయరెడ్డి పేరు చెప్పుకుంటాడు. అక్కడికి రుద్రమ కాలం అయిపోయి ప్రతాపరుద్రుడు వచ్చేశాడు. కానీ రాత్రిళ్ళు గజదొంగలా తిరిగి పగటి రాజుల్ని ఆటపట్టించడం, అన్నాంబికతో ప్రేమ, అదంతా బాపిరాజు గారి చెయ్యి. తెలియనివాళ్ళ చేతిలో పెట్టినప్పుడు వాళ్ళు అదే చరిత్ర అనుకుని రేపు యూట్యూబ్‌లో చెప్తారు.

లక్ష్మక్క
అయ్యా, చీటీ అంత పెద్దది పెడితే పుస్తకం మొయ్యదు.

ఓరుగల్లు_పోరడు
శాసనాలన్నా చెప్పింది మంచిగనే ఉన్నది. కని నేను ఈ పుస్తకం కాడికి వచ్చిందే 2015ల రుద్రమదేవి సినిమా చూసి. గన్నారెడ్డిగ అల్లు అర్జున్ మన భాషల డైలాగులు చెప్తుంటె హాల్ల సీటీలే సీటీలు. గప్పుడు మా కాలేజి లైబ్రరీల ఎతికితె గీ బుక్ దొరికింది. సినిమా పేరు చెప్పి ఇయ్యున్రి, తీస్కుంటరు.

పేపర్‌వాసన
అది మంచి ఐడియా. "గన్నారెడ్డి గుర్తున్నాడా, ఇదిగో అసలు కథ" అని అట్ట మీద స్టిక్కర్.

శాసనాలపిచ్చోడు
"అసలు కథ" అనకండి దయచేసి.

పేపర్‌వాసన
హహ, సరే "పాత కథ" అంటాను.

కోటగోడ
నాకో డౌట్. అసలు తెలియనివాళ్ళకి మొదటిసారి ఇవ్వడానికి గన్నారెడ్డే ఎందుకు? బాపిరాజు గారిదే హిమబిందు ఉంది, సాతవాహనుల కాలం, ధాన్యకటకం, వర్తకుడి కూతురు, శిల్పి, మధ్యలో విషకన్య. ప్రేమకథ కావాలంటే దానికి మించింది లేదు నా ఉద్దేశంలో. గన్నారెడ్డిలో యుద్ధాలే ఎక్కువ.

గోదారిగట్టు
హిమబిందు నాకూ ప్రాణమే కానీ కొత్తవాళ్ళకి కష్టం. వర్ణనలు మొదలైతే ఆయన చిత్రకారుడు కదా, నగ నగా చీర అంచూ గీస్తూ కూర్చుంటారు, మనలాంటివాళ్ళకి అదే పండగ, అలవాటు లేనివాడు మూసేస్తాడు. గన్నారెడ్డిలో మొదట్లోనే పెళ్ళి ఆగిపోతుంది. పెళ్ళి ఆగిపోతే చదవకుండా ఉండే తెలుగువాళ్ళు ఉంటారా?

కోటగోడ
ఆ పాయింట్ ఒప్పుకుంటా. విషకన్య పాయింట్ మాత్రం వదులుకోను.

పేపర్‌వాసన
ఇంకొకటి అడగాలి. మొదటి పేజీలో ఏం రాయాలి? నా ఫోన్ నంబర్ రాసి "చదివాక ఒక మాట చెప్పండి" అని పెడదామనుకుంటున్నా. ఎవరికి చేరిందో తెలుసుకోవాలని ఉంటుంది కదా.

లక్ష్మక్క
నంబర్ రాయొద్దు, రాయొద్దు, రాయొద్దు. ఆడవాళ్ళైతే అస్సలు. నేను ఒకసారి రాశాను, ఓ మహానుభావుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "మేడమ్, మీరు ప్రేమ నవలలు చదువుతారా" అని మొదలెట్టాడు. పుస్తకం తెరిచి కూడా ఉండడు, మొదటి పేజీలో నంబర్ తప్ప. నంబర్ మార్చలేక బ్లాక్ చేసుకుంటూ కూర్చున్నా. ఒక కొత్త మెయిల్ ఐడీ తెరిచి అది రాయండి, పేరు కూడా వద్దు.

స్లీపర్‌క్లాస్
దీనికి పద్ధతి ఎప్పుడో కనిపెట్టారు. బుక్‌క్రాసింగ్ అని 2001లో అమెరికాలో మొదలుపెట్టారు, పుస్తకానికి ఒక నంబర్ ఇస్తారు, అది అట్ట లోపల అంటించి ఎక్కడో వదిలేస్తాం, దొరికినవాళ్ళు సైట్‌లో ఆ నంబర్ కొట్టి "నాకు ఫలానా చోట దొరికింది" అని రాస్తారు. మన ఫోను, పేరు ఏమీ అక్కర్లేదు. మన పుస్తకం ఏ ఊళ్ళు తిరిగిందో కనపడుతుంది.

కోటగోడ
దొరికిన ప్రతివాడూ సైట్‌లో రాస్తాడని గ్యారంటీ ఏంటి? అసలు తెలుసుకోవడం ఎందుకు? ఇచ్చాక ఇచ్చెయ్యాలి. మీరు ఇచ్చేది పుస్తకమా, హోంవర్కా? నాకు ఎవరైనా పుస్తకం ఇచ్చి "ఎలా ఉందో చెప్పు" అంటే ఆ రోజు నుంచి ఆ మనిషికి కనపడకుండా తిరుగుతాను. పేపర్‌వాసన గారి ఫ్రెండ్స్ "టైమ్ దొరకట్లేదు" అనేది కూడా అందుకే అయ్యుంటుంది.

పేపర్‌వాసన
కోటగోడ గారూ అంత మాట అన్నారు. నేనేమీ పరీక్ష పెట్టను, ఒక్క మాట అడుగుతా అంతే.

కోటగోడ
ఆ ఒక్క మాటే పరీక్ష.

చెదపురుగు
అన్నాంబిక ఎవరి బావ చెల్లెలో 5 మార్కులకు వ్రాయుము.

పాతపుస్తకం_కొత్తధర
నేను వేరేలా చెప్తా, తిట్టుకోకండి. ఫ్రీగా ఇస్తే విలువుండదు. మీ షెల్ఫ్ తూకానికి పోయిందీ అందుకే. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద చూడండి, పుస్తకం 50 రూపాయలని చెప్తే 30కి బేరమాడి కొన్నవాడు ఇంటికెళ్ళి చదువుతాడు, డబ్బులు పెట్టాడు కాబట్టి. మీ కాపీలు అలాంటివాళ్ళకే ఇచ్చి అమ్మమనండి. కొన్నవాడు మీకు తెలియనివాడే కదా, మీ కోరిక తీరినట్టే.

గోదారిగట్టు
మా గూట్లో పుస్తకానికి ఎవరూ పైసా పెట్టలేదే, మరి వెనక్కెళ్ళి మాట కొట్టేసి మరీ చదివారు.

పాతపుస్తకం_కొత్తధర
అక్కడ వేరే దిక్కులేక చదివారండీ.

గోదారిగట్టు
దిక్కులేక చదివినా చదివినట్టే. మనలో సగం మంది పుస్తకాలకి అలవాటు పడింది సెలవుల్లో దిక్కుతోచకే.

ఆదోని_అబ్బి
పాతపుస్తకం అన్న చెప్పినదాంట్లో కొంచెం నిజముండాది. మా సేటు అంగడి కాడ ఊరికే పెడితే పొట్లాలు కట్టేస్తాడు. మనిషిని చూసి, చేతికే ఇయ్యాల. మా పత్తి మార్కెట్లో బండ్లు దిగేదాకా డ్రైవర్లు ఊరికే పండుకోనుంటారు, వాళ్ళల్లో ఒకాయన ఎప్పుడూ పేపరు అక్షరం అక్షరం చదువుతాంటాడు, పాత పేపరైనా సరే, ప్రకటనలతో సహా. అట్లాంటోనికి ఇయ్యాల.

లక్ష్మక్క
అదీ మాట. పేపర్లో ప్రకటనలు కూడా చదివేవాళ్ళు ఏదైనా చదువుతారు.

చెవులతో_చదువు
నేను చూపు సరిగా లేనివాణ్ణి, స్క్రీన్ రీడర్‌తో ఈ త్రెడ్ వింటున్నా. అందరూ కాగితం గురించే మాట్లాడుతున్నారు. సెక్షన్_22 గారు చెప్పినట్టు ఈ నవల అందరిదీ అయిపోయింది కదా, అయితే ఎవరైనా గొంతుతో చదివి రికార్డు చేసి పెట్టొచ్చు. తెలియనివాళ్ళకి ఇవ్వడం అంటే అది కూడా కాదా? వికీసోర్స్ టెక్స్ట్ మెషిన్ గొంతుతో వింటే గన్నారెడ్డి, విద్యుత్ బిల్లు ఒకే రాగంలో ఉంటాయి. స్కాన్ పీడీఎఫ్ అయితే అదీ లేదు, ఫోటో కాబట్టి నా ఫోన్‌కి ఖాళీ పేజీ లెక్క. ఓరుగల్లు తమ్ముడు వెయ్యి మందికి పంపితే అందులో నేనుంటే నాకు చేరనట్టే.

సెక్షన్_22
నిరభ్యంతరంగా రికార్డు చెయ్యొచ్చు. ఇంకో మాట, కాపీరైట్ ఉన్న పుస్తకాలనైనా చూపులేనివాళ్ళ కోసం వాళ్ళు చదువుకునే రూపంలోకి మార్చుకోవచ్చని 2012 సవరణలో చేర్చారు.

ఓరుగల్లు_పోరడు
అన్నా నాకు తెల్వదు స్కాన్‌ది వినపడదని. నేను చదివి పంపుతా, కని మా యాస ఉంటది, ఓకేనా?

చెవులతో_చదువు
ఓరుగల్లు కథ ఓరుగల్లు యాసలో, ఇంకేం కావాలి.

శాసనాలపిచ్చోడు
తమ్ముడూ, మధ్యలో సినిమా డైలాగులు కలపకు.

ఓరుగల్లు_పోరడు
ఒక్కటన్న కలుపుత.

స్లీపర్‌క్లాస్
పేపర్‌వాసన గారూ, దూరం ఊళ్ళవాళ్ళకి పంపాలంటే పోస్టు సంగతి చూసుకోండి. రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబర్‌లో తీసేశారు, నాలాంటివాళ్ళకి అదొక దెబ్బ. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది పెట్టారు, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పెరుగుతూ 5 కిలోలకి 100 రూపాయలు, పైన టాక్స్. ట్రాకింగ్ ఉంటుంది కానీ రోడ్డు, రైలు మీదే వెళ్తుంది కాబట్టి నిదానం. ప్యాక్ చేసేముందు కౌంటర్‌లో పుస్తకం చూపించి ఏ పద్ధతిలో కట్టాలో అడగండి.

పేపర్‌వాసన
ఇవన్నీ చదివాక ఇలా అనుకుంటున్నా. షెల్ఫుల జోలికి మళ్ళీ వెళ్ళను. ఒకటి ఇక్కడ గవర్నమెంట్ ఆసుపత్రి బయట, రోగుల తాలూకు వాళ్ళు పడుకునే వరండాలో, గోదారిగట్టు గారి పద్ధతిలో స్కెచ్‌పెన్‌తో రాసి పెడతా, పెన్సిల్ ముక్క కూడా దారంతో కడతా. ఒకటి రైల్లో, పక్కసీటువాళ్ళకి చెప్పి. ఫోన్ నంబర్ రాయను, మెయిల్ ఐడీ రాస్తా. కోటగోడ గారికి నచ్చదని తెలుసు.

కోటగోడ
పెన్సిల్ నచ్చింది. మెయిల్ నచ్చలేదు.

ఆదోని_అబ్బి
ఒకటి నాకు పంపండక్కా. ఆ డ్రైవరు పెద్దాయనకి నేనిస్తా. అడ్రసు ఇదే నా...

నిర్వాహకుడు
ఆదోని_అబ్బి గారి పోస్టులో ఇంటి అడ్రసు, ఫోన్ నంబర్ తీసేశాం. ప్రైవేట్ మెసేజ్‌లో ఇచ్చుకోండి.

పేపర్‌వాసన
మెసేజ్ చేశాను చూడండి. నేను అక్కని కాదు, అన్నని.

ఆదోని_అబ్బి
ఓర్నీ! సరే అన్నా. ఇస్తా గానీ పెద్దాయనకి మా ఊరి పెండ్లి చెడిందని ముందే చెప్పి ఇస్తా, తర్వాత నన్ను తిట్టగూడదు.

గోదారిగట్టు
చెప్పకండి, కథ చెప్పెయ్యకండి!